ఐదో తీగకు సెలవు

2008 నవంబరు, గురువారం రాత్రి. ఘుబ్రా.

మూడేళ్లుగా కంప్యూటర్ ముందు ఒంటరిగా నేర్చుకున్న ఐదు తీగల బాంజోను ఈ సాయంత్రం తొలిసారి నలుగురిలో వాయించాను. మా ఆఫీసులో పనిచేసే బ్రెండన్, ఇదే గల్ఫ్ నగరంలో అల్ ఖౌద్‌లోని తన ఇంటికి పిలిచాడు. అక్కడ చేరినవారందరూ ఐరిష్ బాణీలు వాయించేవారే.

మొదటి బాణీ చక్కగా సాగింది. వారి ఆనవాయితీ ప్రకారం ఆగకుండా రెండోదానిలోకి వెళ్లారు. శ్రుతి మారింది. బొటనవేలితో మీటే, ఎప్పుడూ ఒకే స్వరం పలికే నా పొట్టి ఐదో తీగ మాత్రం పాత శ్రుతిలోనే మోగుతోంది. బ్రెండన్ ఫిడేలు ఆపకుండానే, "ఆ పొట్టి తీగకు సెలవిచ్చెయ్, మిత్రమా! దానికి చెవుల్లేవు!" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తరువాత దాన్ని ముట్టుకోలేదు. వచ్చే గురువారమూ రమ్మన్నారు, నాలుగు తీగలతోనే.

తంబురాలా ఎడతెగక మోగే ఆ తీగ కోసమే కదా నేను ఈ వాయిద్యాన్ని ఎంచుకున్నది?

ఇంటికి వచ్చి ఆ తీగను విప్పి బల్ల మీద పెట్టి, ఆ రెండో బాణీనే వాయించాను. బొటనవేలు పదే పదే ఖాళీలోకే వెళ్లింది. వంటింట్లోంచి సరళ, "ఏవండీ, ఎవరో వేరేవాళ్లు వాయిస్తున్నట్టుంది. మీ బాంజోకి ఏమైంది?" అంది. నేను కాగితం, పెన్ను తీసుకున్నాను.

వచ్చే గురువారం వెళ్లడానికి కారణాలు వరుసగా రాసుకుంటే ఐదు తేలాయి. మానడానికి ఒక్కటే. అది బల్ల మీద చుట్టగా పడి ఉంది.