నీలం లైటు

ఆగస్టు 20, బుధవారం. పొద్దంతా ముసురు. షాపు మెట్ల మీది బురద నేనే కడిగాను.

మధ్యాహ్నం వర్ని నుంచి ఫొటోగ్రాఫర్ సాయిలు వచ్చాడు. పోయిన నెల నా దగ్గర కొన్న హార్డ్ డిస్కును కర్చీఫులో చుట్టి తెచ్చాడు. బండి మీద నుంచి రోడ్డు మీద పడిందట. రుద్రూర్ వాళ్ల పెళ్లి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. కెమెరా కార్డులు అప్పుడే చెరిపేశాడు. కంప్యూటర్‌కు పెట్టాను. నీలం లైటు వెలిగింది, ఒక్క ఫొటో కూడా తెరుచుకోలేదు.

"లైటొస్తుంది గదన్నా, మల్లొక్కసారి సూడు" అన్నాడు. నాలుగుసార్లు చూశాను.

అతనికి అమ్మిన రోజు, అందరికీ చూపించినట్టే, కౌంటరు కింద ఉంచుకున్న అదే రకం పాత డిస్కును భుజమెత్తు నుంచి షాబాదు బండ మీద పడేశాను. తీసి వైరు పెట్టి, "సూడు, లైటొచ్చింది. ఏం గాలే" అన్నాను. ఫైలు తెరిచి చూపలేదు. ఆ డిస్కులో ఫైళ్లు తెరుచుకోవడం ఎండాకాలంలోనే ఆగిపోయింది. నాకు తెలుసు.

సాయిలు తిట్టి ఉంటే బాగుండేది. "నువ్వు పడేస్తే ఏం గాలే అన్నా. నేనే గట్టిగ పడేసినట్టున్న. పెండ్లోళ్లకు ఏం మొకం పెట్టుకొని చెప్పాలె?" అన్నాడు. నిజం నోటిదాకా వచ్చింది. "హైదరాబాద్ పంపి సూద్దాం" అన్నాను. దండం పెట్టి పోయాడు.

సాయంత్రం ధర్పల్లి నుంచి ఒకతను వచ్చి, కింద పడినా పగలని డిస్కు కావాలన్నాడు. అలవాటు కొద్దీ పాత డిస్కు చేతిలోకి తీసుకున్నాను. సాయిలు మొహం గుర్తొచ్చింది. అయినా పడేశాను. లైటు వెలిగింది. అతను నవ్వి, ప్యాక్ చెయ్యమన్నాడు. నేను ప్యాక్ చేసి ఇచ్చి డబ్బులు తీసుకున్నాను.