ఊపిరి గొట్టంలో గంజి నూలు

మహబూబ్‌నగర్, కాలేజీ హాస్టల్
11 ఆగస్టు 2024, ఆదివారం

ప్రియమైన బాపూ,

ఉత్తరం చూసి భయపడకు. నా ఒంట్లో బాగానే ఉంది. ఫోన్‌లో చెబుదామని మూడుసార్లు ప్రయత్నించాను. నువ్వు "తిన్నవా బిడ్డా" అనగానే తిన్నానని చెప్పి పెట్టేశాను. కాగితం మీదైతే మధ్యలో ఏడ్చినా మాట ఆగిపోదు.

శివకృష్ణ గుర్తున్నాడు కదా, నాతో పాటు చదివేవాడు, దేవరకొండ అవతల గొర్రెలు కాసే ఐలేశం కాక కొడుకు. ఉగాదికి మన ఇంటికి వచ్చి, మగ్గం గుంటలో కూర్చుని కాళ్లతో చెక్కలు తొక్కి, "గిది గేర్ల బండి లెక్కనే ఉన్నది బాపూ" అని నిన్ను నవ్వించాడు. జూన్‌లో బండి మీద నుంచి పడ్డాడని, మోకాలు ఇక వంగదని నీకు చెప్పాను. ఎట్లా పడ్డాడో చెప్పలేదు.

ఇంజిన్ లోపల పిస్టన్ ఆడుతున్నంతసేపూ లోపలి గాలికి బయటికి పోయే దారి ఉండాలి. ఆ దారిని బ్రీదర్ అంటారు. నేను నా నోటుబుక్కులో ఊపిరి గొట్టం అని రాసుకున్నాను. ఆ మాట తట్టిన రోజు ఎంత సంతోషమో, పేజీ నిండా అదే రాసి చూసుకున్నాను. రోడ్డు మీద తిరిగే బండికి కంపెనీవాళ్లు ఇచ్చిన గొట్టం చాలు. శివకృష్ణ బండి గుట్టలెక్కే బండి. మందకు నీళ్ల డబ్బాలు మోస్తాడు, సెలవుల్లో రాళ్ల మీద పందేలకు పోతాడు. బండి నిటారుగా ఎక్కేటప్పుడు గాలితో పాటు ఆయిల్ కూడా ఆ గొట్టంలోంచి ఎగదన్ని ఎయిర్ ఫిల్టర్‌ను తడిపేస్తుంది. అట్లాంటి బండ్లకు విడిగా కొని బిగించుకునే ఊపిరి గొట్టం తయారు చేయాలనుకున్నాను. ఫైనలియర్ ప్రాజెక్టు అదేనని మార్చిలోనే మొదలుపెట్టాను. పిడికిలంత అల్యూమినియం డబ్బా, లోపల మూడు అడ్డు రేకులు. ఆయిల్ రేకులకు తగిలి జారి మళ్లీ ఇంజిన్‌లోకి పోవాలి, ఒట్టి గాలి మాత్రం బయటికి రావాలి.

రేకులు దాటి వచ్చే సన్నటి ఆయిల్ తుంపరను పట్టుకోవడానికి స్టీలు జాలి పెట్టమని పుస్తకంలో ఉంది. నేను నూలు పెట్టాను. ఉత్త నూలైతే పీచు ఊడి ఇంజిన్‌లోకి పోతుందని, గంజి పట్టించిన పడుగు నూలు పెట్టాను. గంజి పట్టిన పోగు పీచు లేవదని, ఎంత రాపిడికైనా నిలుస్తుందని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినదాన్ని. దానికంటే గట్టిది ఇంకేముంటుంది అనుకున్నాను బాపూ. నేను నూలు కుక్కుతుంటే శివకృష్ణ ఒకటే నవ్వు. "మీ ఇంట్ల ఇంజిన్‌కు గూడ చీర కడతరా ఏందే?" అన్నాడు. ఆ డబ్బాను అతని బండికే బిగించాను. ఏప్రిల్, మే ఎండల్లో అంతా చక్కగా నడిచింది. చుక్క ఆయిల్ కూడా బయటికి రాలేదు.

జూన్‌లో వానలు పడ్డాయి. ఇంజిన్ చల్లారినప్పుడల్లా డబ్బాలో తేమ చేరింది. తేమకు గంజి మెత్తబడి, ఇంజిన్ వేడికి మళ్లీ ఉడికి, నూలంతా ముద్దయింది. గాలికి దారి మూసుకుపోయింది. లోపల ఒత్తిడి పెరిగి, చైను పక్కన ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీలు ఊడింది. ఆయిలంతా వెనక టైరు మీద పడింది. అప్పుడు అతను మందకు నీళ్లిచ్చి గుట్ట దిగుతున్నాడు.

మర్నాడు వాళ్ల వాకిట్లో, కడిగి తెస్తానని చెప్పి ఆ డబ్బా విప్పుకుని వచ్చేశాను. మూత తీస్తే లోపల నల్లటి సంకటి ముద్ద. ఎవరికీ చెప్పలేదు. తానే బ్రేకు సరిగ్గా వేయలేదని శివకృష్ణ అనుకుంటున్నాడు. కొడుకు గుట్ట మీద బండిని ఎగిరించాడని ఐలేశం కాక అనుకుంటున్నాడు. దవాఖానలో అందరి ముందూ, "ఎగిరితే గిట్లనే అయితది. నాకు కొడుకు లేడనుకుంట" అన్నాడు. ఆ రోజు నుంచి కొడుకుతో ఒక్క మాట లేదు. కాక ఆ మాట అన్నప్పుడు నేను పక్కనే నిలబడి ఉన్నాను.

ఇప్పుడు ఇంకొకటి. మా కృష్ణకాంత్ సార్ నా డ్రాయింగు జడ్చర్లలో ఒక వర్క్‌షాప్‌కు ఇచ్చారు. ఇరవై డబ్బాలు తయారవుతున్నాయి. వచ్చే ఆదివారం ఇరవై మంది బండ్లకు బిగిస్తారట. పోయిన వారం నిన్ను నూలు అడిగింది అందుకే. నువ్వు ఎందుకని కూడా అడగకుండా అరకిలో పంపావు. ఆ సంచి విప్పలేదు. రేపు సార్‌కు చెబుతాను. ఎల్లుండి దేవరకొండ పోతాను. తర్వాత చదువు మానేసి వచ్చేస్తాను. నన్ను మగ్గం మీద కూర్చోబెట్టు. అక్కడ నా చెయ్యి తప్పితే చీర చెడుతుంది గానీ మనిషి కాలు పోదు.

నీ బిడ్డ,
ప్రవళిక


14 ఆగస్టు, బుధవారం

బాపూ,

మొదటి ఉత్తరం అందిందో లేదో తెలియదు. ఆగలేక మళ్లీ రాస్తున్నాను.

సార్ డబ్బాలోకి చూసి అక్కడే నిలబడి జడ్చర్లకు ఫోన్ చేసి పని ఆపించారు. "రెండు నెలలు ఎట్ల దాచినవమ్మా?" అని మాత్రం అడిగారు.

నిన్న వాళ్ల ఊరికి పోయేసరికి ఐలేశం కాక గొర్రె గిట్టలో ముల్లు తీస్తున్నాడు. శివకృష్ణ కాలు చాపుకుని మంచం మీద ఉన్నాడు. నన్ను చూసి ముఖం వెలిగింది. "ఏందే ఇంజినీరూ, తొవ్వ తప్పినవా?" అన్నాడు. వాళ్లమ్మ సత్తమ్మ చిన్నమ్మ నీళ్లిచ్చింది. ఆ నీళ్లు తాగితే చెప్పలేనేమోనని చెంబు కింద పెట్టి, డబ్బా మూత తీసి కాక ముందు పెట్టాను. అంతా చెప్పాను.

కాక ఆ ముద్దను వేలితో పొడిచి చూశాడు.

"అంటే పోరడు ఎగిరియ్యలేదా?"

"లేదు కాకా. మెల్లగనే దిగిండు. నేను పెట్టినదాంతోనే ఆయిల్ టైరు మీద పడ్డది."

కాక గొర్రెను వదిలేశాడు. చేతులు కడుక్కున్నాడు. నన్ను దాటుకుని మంచం దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"బువ్వ తిన్నవారా?"

శివకృష్ణ మోచేతుల మీద లేవబోయాడు. "తిన్న నాయినా."

"ఏం తిన్నవ్ రా? పొద్దటి సంది సూస్తనే ఉన్న, గా గిన్నె గట్లనే ఉన్నది." ఆ కసురు వినగానే సత్తమ్మ చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. నా వైపు ఎవరూ చూడలేదు. నాకక్కడ పని లేదని లేచాను.

"ప్రవళికా" అని వెనక నుంచి పిలుపు. శివకృష్ణ నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవడు.

"పడ్డందుకు నీ మీద కోపం లేదు. బండన్నంక పడుతం. గా ముద్ద సూసిన నాడే చెప్తే, గీ రెండు నెలలు నాయిన నాతోని మాట్లాడుతుండె గదా. పండుకుంటే గూడ అటు తిరిగి పండుకుంటుండె."

చదువు మానేసి ఇంటికి పోతున్నానని చెప్పాను. అదొక శిక్షలాగా చెప్పాననుకుంటాను.

"నువ్వు ఇంటికి పోతే నా కాలు వంగుతదా? ఇంకోడు ఎవడో నూలో గుడ్డో కుక్కుతడు. అండ్ల ఏం పెట్టొద్దో ఎరుకైంది నీకొక్కదానికే. అది పూర్తి చెయ్. గని మల్ల ఈడికి రాకు."

బస్సులో ఏడుపు రాలేదు. ఈ రోజు కాలేజీ వర్క్‌షాప్‌లో స్టీలు జాలి కత్తిరిస్తుంటే వచ్చింది.

బాపూ, నేను ఇంటికి రావడం లేదు. ప్రాజెక్టు రిపోర్టు మళ్లీ మొదటి నుంచి రాస్తున్నాను. మొదటి పేజీలో తప్పు ఎట్లా జరిగిందో, ఎవరి వల్ల జరిగిందో, ఎన్ని రోజులు దాచానో రాశాను. ఊపిరి గొట్టం లాంటి అందమైన మాట ఒక్కటీ వాడలేదు. పడింది ఎవరో రాసే చోట చెయ్యి ఆగింది. పేరు రాయాలంటే అతన్ని అడగాలి. అడగడానికి పోలేను. "బండి నడిపిన వ్యక్తి" అని రాశాను.

ప్రవళిక