చెప్పుల చప్పుడుకు వచ్చే దగ్గు

ఏమండీ, అల్లం, మిరియాలు దంచి కషాయం కాచాను. పొయ్యి మీద గిన్నెలో ఉంది. మళ్ళీ వేడి చేసి, వడగట్టి, తేనె కలుపుకుని తాగండి. తేనె ఒక్కటీ నాకేసి ఊరుకోకండి, సీసాలో ఎంతుందో చూసుకునే వెళ్తున్నాను.

ఒక్క మాట అడుగుతాను. పగలంతా మీ దగ్గు వినపడనే లేదని పక్కింటి పిన్నిగారు చెప్పారు. మరి సాయంత్రం నేను గుమ్మంలో చెప్పులు విప్పగానే అదెక్కణ్ణుంచి ఊడిపడుతుంది? పక్కన కూర్చుని వీపు రాస్తే ఎక్కడికి పోతుంది? నాకేమీ తెలియదనుకోకండి.

దగ్గు నిజమైతే బుద్ధిగా తాగండి. నాటకమైతే కషాయం పారబోసి, ఆ గిన్నె కడిగి బోర్లించండి.

చెప్పడం మరిచాను. వచ్చి కాసేపు కూర్చోవే అంటే చాలు, దగ్గక్కర్లేదు.