ముద్దనూరు మీద వచ్చే దారి

నాయనకు,

నీ కొడుకు ఓబులేసు నమస్కరించి రాసేది. ఇక్కడ అమ్మా, నేనూ, రెండు పాడి ఎనుములూ బాగున్నాం. అమ్మ మోకాళ్ళు మాత్రం బాగాలేవు. కానీ బాగున్నాయని రాయమంది, అట్లే రాశాననుకో. నీ ఒంట్లో ఎట్లా ఉందో దాచకుండా రాయి. నీకంటే ముందు ఈ ఉత్తరం చదివే జైలు సారుకు కూడా నమస్కారాలు.

పోయిన ఉత్తరంలో నువ్వు అడిగినవి చెబుతాను. స్టాండు, క్యారియరు లేని సైకిలు ఏం సైకిలని అడిగావు. దాన్ని గోడకు ఆనిస్తాం నాయనా. గడ్డిమోపు వేసుకొచ్చేది కాదది, దూరం పోయేది. జమ్మలమడుగులో నా కళ్ళద్దాల షాపు ఆదివారం మూస్తాను కదా, ఆ రోజు తెల్లవారకముందే బయలుదేరి పులివెందుల దాకా పోయి వస్తాను. ఎందుకని అడిగితే ఏం చెప్పను. వారమంతా ఊరి మాటలతో బరువెక్కిన తల పెన్నా వంతెన దాటేసరికి తేలికవుతుంది.

నేను తొక్కే దారిని ఫోన్‌లో ఊరందరికీ చూపిస్తున్నానని మామ ములాఖత్‌లో నీతో చెప్పాడంట. నిజమే. తొక్కినంత దూరం మ్యాపు మీద ఎర్రగీత పడుతుంది. యాడ నీళ్ళు దొరుకుతాయో, యాడ గుంతలున్నాయో రాసి పెడతాను. వేరే ఊళ్ళ వాళ్ళు అది చూసుకుని తొక్కుతారు. "మన ఇంట్లో పుట్టి పొయ్యే దావ చెప్తాండావా, మతి పొయ్యిందా?" అని నువ్వు రాసిన మాట చదివి అమ్మ రెండు పూటలు నాతో మాట్లాడలేదు.

నీ కోపం నాకు తెలియనిది కాదు. పోయిన దారిన తిరిగి రాకూడదు, బయలుదేరే పొద్దు ఎవరికీ చెప్పకూడదు అని నేర్పింది నువ్వే. అమ్మ ఇంకా ఆ కక్షల కాలంలోనే ఉంది. మొన్న పాలకు వచ్చిన దిల్షాద్‌బీ "మీ పిల్లోడు యాడమ్మా?" అంటే "కడపకు పొయినాడు" అంది. నేను తలుపు చాటునే టైరుకు గాలి కొడుతున్నాను. పంపు బుస్సుబుస్సుమంటోంది. దిల్షాద్‌బీ పాపం, ఏమీ విననట్టు పాలు పోయించుకుని పోయింది.

ఇక చెప్పాల్సింది చెబుతాను. మూడు పేజీలు చించేసి ఇది రాస్తున్నాను.

మన ఊరి నుంచి ముద్దనూరు ఎంత దూరమో నీకు తెలుసు. మధ్యలో మన పగోళ్ళ ఊరు ఒక్కటే. కానీ నేను పులివెందుల పోవాలంటే జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, ఎర్రగుంట్ల అన్నీ చుట్టి ముద్దనూరు చేరేవాణ్ణి. మంచి ట్రైనింగ్ అని చెప్పుకునేవాణ్ణి, నేనూ అదే నమ్మాను. రెండు నెలల కిందట ముద్దనూరులో ఇస్మాయిల్ హోటల్ దగ్గర టీ తాగుతుంటే, నాలాంటి సైకిలే తోసుకుంటూ ఒకతను వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఓబులేసూ, సంవత్సరం నుంచి ఫోన్లో నీ గీత చూస్తాండా," అన్నాడు. "మా ఊరు ఒగటి ఇడిసిపెట్టి జిల్లా అంతా తిరుగుతాండావు. మా ఊర్లో రోడ్డు లేదా ఏందప్పా?"

అతను ఆదినారాయణ. మీరు కాపు కాసి చంపిన సుబ్బన్న కొడుకు.

టీ గ్లాసు కింద పెట్టి సైకిలు అందుకున్నాను. అతను నవ్వలేదు, కోప్పడలేదు. "పా, ఈ పొద్దు మా ఊరి మీద పోదాం. నేను ముందు తొక్కుతా," అన్నాడు. భయపడ్డాను నాయనా. అయినా వెనకే పోయాను. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఇద్దరం కలిసే తొక్కుతున్నాం. ఇన్నాళ్ళూ ఇది నీకు, అమ్మకు, మామకు, ఎవరికీ చెప్పలేదు.

పోయిన ఆదివారం వాళ్ళమ్మ లక్ష్మీనరసమ్మ ఇంట్లోకి పిలిచింది. మజ్జిగ ఇచ్చి, నేను తాగేదాకా ఊరుకుని అడిగింది.

"మీ నాయన్ను ఇడుస్తాండారంట గదా. యా దావన వస్తాడు?"

మన ఇంట్లో ఎవరూ జవాబు చెప్పని ప్రశ్న అది. మామ ప్లాను నీకు తెలుసు. పార్టీ వాళ్ళు పంపే రెండు సుమోలు, అద్దాలకు తెరలు, ప్రొద్దుటూరు మీద చుట్టి రావడం, ఏ పొద్దన్నది ఆఖరి దాకా చెప్పకపోవడం. నేను అదంతా ఆమెకు చెప్పేశాను. నా నోరు నా మాట వినలేదు.

ఆమె నా చేతిలో ఖాళీ గ్లాసు అందుకుంది.

"నేను ఆయప్పను మన్నించినానని చెప్పొద్దు. మన్నించల్యా," అంది. "కానీ దాంకొని పోతే మా పిల్లోళ్ళకు మళ్ళా పగోడే అయితాడు. మా వాకిట్లో నుంచి పగలు పోతే, ఎవరో ముసలాయన పోతాండాడు అనుకుంటారు. మా ఊరి మీదనే రమ్మను."

నాయనా, నువ్వు ఎవరి కోసం కత్తి పట్టావో ఆయనా, సుబ్బన్న ఎవరి కోసం చచ్చాడో ఆయనా ఇప్పుడు ఒకే పార్టీలో, ఒకే ఫ్లెక్సీ మీద నవ్వుతున్నారు. నీకు తెరలు కట్టిన సుమో, ఆమెకు సుబ్బన్న లేని ఇల్లు మిగిలాయి. నాకు ఏడుపొచ్చింది.

అందుకని సుమోలు వద్దని మామతో చెప్పేశాను. నువ్వు వచ్చే దారి కూడా ఫోన్‌లో పెట్టేశాను. కడప, వల్లూరు, కమలాపురం, ఎర్రగుంట్ల, ముద్దనూరు, వాళ్ళ ఊరు, మన ఊరు. తేదీ రాశాను, పట్టపగలు వస్తామని రాశాను. టీ హోటల్ ఇస్మాయిల్‌కు ఆటో ఉంది, అదే మాట్లాడాను, తెరల్లేవు. ముద్దనూరు నుంచి ముందు ఆదినారాయణ తొక్కుతాడు, ఆటో వెనక నేను. నువ్వు వద్దంటే తీసేస్తాను. ప్రాణం నీది, మాట నీదే. కానీ వద్దనకు.

నిన్న రాత్రి అమ్మకు అంతా చెప్పాను. తిట్టలేదు, తినలేదు. ఈ పొద్దున దిల్షాద్‌బీ పాలకు వచ్చింది.

"మీ ఆయన వస్తాండాడంట గదమ్మా, యా దావన?" అని అడిగింది.

అమ్మ చెంబు కింద పెట్టింది. నా వైపు ఒకసారి చూసింది.

"ముద్దనూరు మీదనే," అంది.

ఇట్లు,
గడపలో ఎదురుచూసే అమ్మ తరఫునా, నా తరఫునా
నీ కొడుకు ఓబులేసు