ఇరవై అడుగులు జరిగిన రాయి

చింతామణి, 12-6-2006

అన్నా,

ఇక్కడ అందరం కులాసా. నీ బిడ్డ నేత్రను జియోఫిజిక్స్ డిగ్రీలో చేర్చవద్దనీ, నాకే ఆ చదువు అక్కరకు రాలేదనీ పోయిన కార్డులో రాశాను. అది అబద్ధం.

పక్కింటి రామచంద్రప్ప పొలంలో భూమిలోని నీటిజాడ మిషన్‌తో చూసి, బోరు వేయవలసినచోట నేనే రాయి పాతాను. ఈశాన్యం కావాలని పెద్దలు దాన్ని ఇరవై అడుగులు జరిపి పసుపు కుంకుమ పెట్టారు. నేను చూస్తూ కూడా నోరు విప్పలేదు. అక్కడ వేసిన బోరులో ఆరువందల అడుగులకూ నీళ్లు పడక దుమ్మే లేచింది.

"నువ్వేం చేస్తావమ్మా, మా రాత అట్లుండాది" అని ఆయనే నన్ను ఓదార్చాడు. మిషన్ చూపిన చోటు అది కాదని అప్పుడూ చెప్పలేదు. నా పిరికితనాన్ని చదువు మీదికి తోసి నీకు రాశాను.

నేత్ర డిగ్రీ అప్లికేషన్ ఆపవద్దు. శెనక్కాయ విత్తినారా? వదిన మోకాలి నొప్పి తగ్గిందా? ఆమెకు నా నమస్కారాలు.

ఈ కార్డు నేత్రతోనే గట్టిగా చదివించు.

నీ చెల్లెలు,
అంబిక