ఏమీ జరగలేదు

1962 జనవరి 28, కరీంనగర్

నా వ్యాసం వచ్చింది. ఎనిమిది గ్రహాలు ఒకే రాశిలో చేరినంత మాత్రాన ప్రళయం రాదని రాశాను. స్కూల్లో సైన్స్ చెప్పేవాణ్ణి, హైదరాబాద్ వీక్లీకి కాలమ్ రాసేవాణ్ణి, ఇంతకన్నా స్పష్టంగా ఎట్లా రాయాలి! సాయంత్రం సాహితీ సమితిలో అధ్యక్షుడు వకీలు అంబదాస్ గారు అందరి ముందూ ఎగతాళి చేశారు. సైన్స్ రాయడం గుమాస్తా పనట, సాహిత్యం కాదట. గ్రహశాంతికి సమితి తరఫున హోమం కూడా చేస్తారట. ఒళ్ళు మండింది.

జనవరి 30

అత్త లింగవ్వ మెట్‌పల్లి నుంచి వచ్చింది. సరోజనకు నెలలు నిండాయి, గ్రహాలు కలిసేలోపు పుట్టింటికి తీసుకుపోతానంటుంది. అక్కడ మంత్రసాని పక్కింట్లోనే ఉంటుంది. పంపనన్నాను. రాసినవాడే భయపడి పెండ్లాన్ని ఊరికి తోలిండని అంబదాస్ గారు ఊరంతా చాటరా? సరోజన సర్దుకున్న బట్టలు మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

ఫిబ్రవరి 3

గ్రహాలు కలిసే రోజని బజార్ మొత్తం బంద్.

ఫిబ్రవరి 4, పొద్దున

నొప్పులు మొదలయ్యాయి. దవాఖాన దాకా సరోజన నడిచే స్థితిలో లేదు. రిక్షా మొండయ్య గ్రహాలు విడిపోయేదాకా బండి తీయనని మొక్కుకున్నాడట. బతిమాలాను, తిట్టాను. తలుపు తీయలేదు. ఆఖరికి అంబదాస్ గారి కారు కోసం హోమం దగ్గరికి పరుగెత్తాను. మంత్రాల మధ్య ఆయన లేవకూడదు. కూర్చోమని చేత్తో సైగ చేశారు.

సాయంత్రం

పూర్ణాహుతి అయ్యాక కారు వచ్చింది.

మగపిల్లవాడు. ఏడవలేదు.

ఫిబ్రవరి 7

అంబదాస్ గారు వచ్చి ఏడ్చారు. నిజంగానే ఏడ్చారు. గ్రహాలు నా ఇంటి మీదే పగబట్టాయన్నారు. బాబు మీద గేయం రాస్తే సమితి ఉగాది సంచికలో మొదటి పేజీ ఇస్తారట. ఇన్నేళ్లకు నన్ను కవిని చేస్తున్నారు!

వీక్లీ ఎడిటర్ టెలిగ్రాం కూడా ఇవాళే. లోకం మునగలేదు కదా, వెంటనే రాయమన్నాడు. హెడింగ్ ఆయనే పెట్టాడు: ఏమీ జరగలేదు.

ఉన్నది రాస్తే గ్రహాలే గెలిచాయంటారు. ఏమీ జరగలేదని రాయడానికి చేయి రావడం లేదు. ఛీ, ఏం బతుకు.

సరోజనను అడిగాను. గోడవైపు తిరిగి పడుకునే అన్నది: "గ్రహాలు తిన్నయని మాత్రం రాయకు. నన్ను నువ్వు ఆపినవ్, మొండయ్య ఆపిండు, గా వకీలు ఆపిండు. గది రాస్తవా? రాయవు. ఇగ ఏం రాసుకుంటవో రాసుకో."

ఫిబ్రవరి 18

వీక్లీ వచ్చింది. 'ఏమీ జరగలేదు.' కింద నా పేరు.

సరోజనకు పాలు ఇంకా ఆగలేదు.