గిటారు మోత కింద నా గొంతు

భవానీపురం, శనివారం రాత్రి

ఈ వారం వచ్చిన కొత్త గరాజ్ పంక్, నాయిస్ పాప్ లాంటి మోత రాక్ పాటలన్నీ సాయంత్రం వరుసగా విన్నాను. అన్నిట్లోనూ గొంతు గిటారు మోత కింద ఎక్కడో ఉంటుంది. రేపు విడుదలయ్యే మా బ్యాండు మొదటి పాటలోనూ అంతే. అది స్టైల్ అని మా గిటారిస్టు హర్షకు చెప్పాను. నిజానికి అది నా భయం.

చివరికి మా పాట కూడా స్పీకర్లో పెట్టాను. అమ్మ తలుపు తోసుకుని వచ్చింది.

"ఏంటే ఆ మోత, మిక్సీలో గరిటె పడ్డట్టు! లోపలెవరో అమ్మాయి ఏడుస్తోంది పాపం."

"ఏడవట్లేదమ్మా, పాడుతోంది."

"ఎవరే?"

"నేనే."

అమ్మ వంగి స్పీకర్‌కి చెవి ఆనించింది. "స్కూలు ప్రేయర్లో పాడిన గొంతేనా ఇది? మీ నాన్నగారు వింటే ఏమంటారే?"

పక్కవాళ్ల గొంతు దాటకుండా పాడమని కాన్వెంటులో పదేళ్లు నేర్పారు. బాగానే నేర్చుకున్నాను. ఇక చాలు.

హర్షకు ఫోన్ చేశాను. "గిటారు తగ్గించకు. నా గొంతు పెంచు."

"తెల్లారితే రిలీజ్ పెట్టుకుని ఇప్పుడా? పాటలో మాటలన్నీ వినపడతాయి, మీ ఇంట్లో చూసుకో మరి."

"వినపడనీ."

మార్చిన పాట ఇప్పుడే పంపాడు. నాన్నగారు హాల్లో పేపరు చదువుతున్నారు. ఇది రాయడం అయ్యాక పాట పెడతాను. తలుపు మాత్రం మూయను.